తాతయ్య పెట్టెలో నక్షత్రం గుర్తు కరపత్రం: మన దేశంలో లిబరల్ పార్టీల కథ తెలిసినవాళ్ళు చెప్పండి

పాతపేపర్లపిచ్చి:
అందరికీ నమస్కారం. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీంచి తాతయ్య ట్రంకుపెట్టె దింపాం. దస్తావేజులు, శిస్తు రసీదులు, చెదలు తిన్న పంచాంగాలు. వాటి మధ్య 1967 ఎన్నికల కరపత్రం ఒకటి దొరికింది. పైన నక్షత్రం గుర్తు, కింద స్వతంత్ర పార్టీ పేరు. తాతయ్య కాంగ్రెస్ మనిషి అనుకుంటూ పెరిగాం. అమ్మనడిగితే "అదా, అది దొరల పార్టీ" అని తేల్చేసింది. నెట్‌లో చూస్తే భారతదేశపు అసలైన లిబరల్ పార్టీ అని రాశారు. మాది ఎనిమిదెకరాల కుటుంబం, దొరలం కాదు. మరి తాతయ్య అందులో ఎందుకున్నట్టు? అసలు లిబరల్ పార్టీ అన్నది మన దేశంలో ఎప్పుడు మొదలైంది?

తెనాలి కుర్రోడు:
ముందుగా నా అజ్ఞానం ఒప్పుకుంటున్నా. పాత ఫలితాల పట్టికల్లో "స్వతంత్ర 29" అని చూసి ఇండిపెండెంట్లు అనుకునేవాణ్ణి 😀 మన పేపర్లలో స్వతంత్ర అభ్యర్థి అంటే వాళ్ళే కదా.

విజయనగరం వాసు:
కుర్రోడూ, ఆ 29 పార్టీవే. 1967లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో మొత్తం 287 సీట్లు. కాంగ్రెస్‌కు 165, స్వతంత్రకు 29. ఇండిపెండెంట్లు వేరే 68 మంది. కమ్యూనిస్టులు అప్పటికే రెండుగా చీలిపోయి 11, 9 దగ్గర ఆగారు. అంటే ఆ ఏడాది మన రాష్ట్రంలో పెద్ద ప్రతిపక్షం మీ తాతగారి పార్టీయే.

కానీ కథ అక్కడ మొదలవలేదు. కొంచెం వెనక్కి వెళ్ళాలి. స్కూల్లో కాంగ్రెస్‌లోని రెండు వర్గాలు, మితవాదులు, అతివాదులు అని చదువుకున్నాం, గుర్తుందా? 1907లో సూరత్‌లో చెప్పులు విసురుకుని విడిపోయారు. 1916లో లక్నోలో కలిశారు. అప్పటికే గోఖలే, ఫిరోజ్‌షా మెహతా ఇద్దరూ పోయారు. మితవాదులకు పెద్దదిక్కు లేదు. 1918లో భారతీయులకు పాలనలో కొంత వాటా ఇద్దామనే బ్రిటిష్ వాళ్ళ మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ నివేదిక వచ్చింది. ఇస్తున్నది చాలదని కాంగ్రెస్‌లో ఎక్కువమంది అన్నారు. ఇచ్చింది పుచ్చుకుని మిగతాది అడుగుదాం అన్నది మితవాదుల మాట. ఆ నవంబర్‌లో బొంబాయిలో సురేంద్రనాథ్ బెనర్జీ అధ్యక్షతన వేరే సభ పెట్టుకున్నారు. అదే నేషనల్ లిబరల్ ఫెడరేషన్. తేజ్ బహదూర్ సప్రూ, శ్రీనివాస శాస్త్రి, దిన్షా వాచా, చిమన్‌లాల్ సెతల్వాడ్, అందరూ అక్కడి వాళ్ళే.

ఇందులో మనవాడు ఒకాయన ఉన్నాడు. మా విజయనగరంలో కూడా చాలామందికి తెలీదు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతా. చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. 1880లో ఇక్కడ పుట్టి అలహాబాద్ వెళ్ళి 'లీడర్' పత్రికకు సంపాదకుడయ్యాడు. పత్రిక పెట్టింది మదన్ మోహన్ మాలవీయ. డైరెక్టర్ల బోర్డుకు మొదటి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. చింతామణి రాతలతో పడక మోతీలాల్ 1919లో 'ఇండిపెండెంట్' అని సొంత పత్రిక పెట్టుకున్నారు. అంటే ఆయన కలానికి ఎంత పదునుందో చూడండి. 1921లో సంయుక్త రాష్ట్రాల్లో (ఇప్పటి ఉత్తరప్రదేశ్ వైపు) విద్య, పరిశ్రమల మంత్రి. 1923లో గవర్నరుతో పడక రాజీనామా. లిబరల్ ఫెడరేషన్‌కు 1920లో, 1931లో రెండుసార్లు అధ్యక్షుడు. ఉత్తరాదిలో ఓ తెలుగువాడు రాజకీయాన్ని పత్రిక నుంచి నడిపించాడంటే మామూలు విషయమా?

ఎర్రమందారం:
వాసు గారూ, బాగా రాశారు. కానీ 1920 ఎన్నికల తర్వాత వీళ్ళు మంత్రులెలా అయ్యారో కూడా చెప్పండి. కాంగ్రెస్ ఎన్నికలు బహిష్కరించింది. ఓటు ఉన్నది జనంలో గుప్పెడు మందికి. ఖాళీగా ఉన్న కుర్చీల్లో కూర్చున్నారు, అంతే.

విజయనగరం వాసు:
కాదనను. 1923లో శాసనసభల్లోకి వెళ్దామన్న కాంగ్రెస్ వాళ్ళ స్వరాజ్య పార్టీ బరిలోకి దిగేసరికి లిబరల్స్ చాలాచోట్ల కొట్టుకుపోయారు. సురేంద్రనాథ్ బెనర్జీ అంతటివాడు, ఒకప్పుడు బెంగాల్‌ను ఊపేసిన వక్త, బిధాన్ చంద్ర రాయ్ అనే యువ డాక్టరు చేతిలో ఓడిపోయాడు. మంత్రిగా ఆయన తెచ్చిన కలకత్తా మునిసిపల్ చట్టం వల్లే కార్పొరేషన్ ఎన్నికైనవాళ్ళ చేతికి వచ్చింది. దాన్ని అందుకున్నదేమో ఆయన్ని ఓడించిన పక్షమే.

నా మటుకు నాకు అనిపించేది, అది పార్టీ కాదు. ఏటా ఒక ఊళ్ళో కలిసి, మంచి ఇంగ్లీషులో తీర్మానాలు చేసి రైలెక్కే పెద్దమనుషుల సభ. తాలూకా కమిటీ లేదు, చందా పుస్తకం లేదు. కానీ మధ్యవర్తులుగా మాత్రం వాళ్ళకు సాటి లేరు. సైమన్ కమిషన్‌ను వాళ్ళూ బహిష్కరించారు. మోతీలాల్ అధ్యక్షతన రాజ్యాంగ ముసాయిదాగా వచ్చిన 1928 నెహ్రూ నివేదికలో సప్రూ చెయ్యి చాలా ఉంది. 1931 గాంధీ-ఇర్విన్ ఒప్పందం వెనక అటూ ఇటూ తిరిగింది సప్రూ, జయకర్, శాస్త్రి. పెళ్ళి కుదిర్చినవాడికి భోజనం దగ్గర ఆఖరి బంతిలో చోటు దొరికినట్టయింది వాళ్ళ పని.

న్యూజెర్సీ నాగమణి:
చిన్న డౌట్ అండీ. మా అమెరికాలో లిబరల్ అంటే ప్రభుత్వం పేదలకు ఎక్కువ ఖర్చు పెట్టాలనేవాళ్ళు. ఇక్కడ మీరు చెప్పే స్వతంత్ర పార్టీ దానికి ఉల్టా ఉంది కదా?

విజయనగరం వాసు:
అమ్మా, మాటతోనే తంటా. అమెరికాలో ఆ మాట పక్కకు జరిగింది. పాత బ్రిటిష్ అర్థంలో లిబరల్ అంటే వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, చట్టం ముందు సమానత్వం, ప్రభుత్వం హద్దులో ఉండటం. తెలుగులో ఇంకా గందరగోళం. మితవాది అంటే పాఠ్యపుస్తకంలో గోఖలే, పేపర్లో రైటిస్టు. ఉదారవాది అంటే మా వీధిలో అప్పు అడక్కుండా ఇచ్చేవాడు.

మద్రాసు మామ:
పేరులోనే లిబరల్ ఉన్న ఇంకో పార్టీని మర్చిపోయారేంటి? జస్టిస్ పార్టీ. దాని అధికారిక నామం దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్. 1916లో మద్రాసులో పుట్టింది. 'జస్టిస్' అనే ఇంగ్లీషు పత్రిక పేరు పార్టీకి అంటుకుంది. తెలుగులో 'ఆంధ్ర ప్రకాశిక' ఉండేది. పిట్టి త్యాగరాయ చెట్టి, పానగల్ రాజా, మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా, అందరూ తెలుగువాళ్ళే! మా టీ నగర్‌లో పానగల్ పార్కు ముందు బస్సు దిగే వెయ్యిమందిలో ఒక్కడికి కూడా ఆయన కాళహస్తి సంస్థానం మనిషని తెలీదు.

1920లో అధికారంలోకి వచ్చారు. 1921లో ఆడవాళ్ళకు ఓటు హక్కు తీర్మానం మద్రాసు శాసనమండలిలోనే నెగ్గింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మద్రాసే ముందు. ఉద్యోగాల్లో కులాలవారీ వాటా జీవో, దేవాదాయ చట్టం, ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం, ఇవన్నీ వాళ్ళ కాలంలోవే.

విజయనగరం వాసు:
మామయ్యా, పేరు సరే. చింతామణి లాంటివాళ్ళు జస్టిస్ వాళ్ళను తమవాళ్ళుగా చూడలేదు. ఉద్యోగం కులాన్ని బట్టి ఇవ్వడం లిబరల్ సూత్రానికి విరుద్ధమని వాళ్ళ వాదన.

మద్రాసు మామ:
అవును, అప్పటికే ఉద్యోగాలన్నీ ఒక్క కులం చేతిలో ఉన్నప్పుడు "ప్రతిభే చూడండి" అనడం చాలా లిబరల్‌గా ఉంటుంది మరి!

ఎర్రమందారం:
మామ పాయింటుకు ఓటు. అయితే మామా, 1937లో బొబ్బిలి రాజా సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. రాజాలను నమ్ముకున్న పార్టీ గతి అదే. 1944లో సేలంలో పేరు మారి ద్రావిడ కళగం అయ్యింది. లిబరల్ అన్న మాట అక్కడితో చెరిగిపోయింది.

మోడరేటర్:
కులాల మీద చర్చ వేరే దారంలో నడుస్తోంది. ఇక్కడ పార్టీల చరిత్రకే ఉందాం, దయచేసి.

నిడుబ్రోలు రైతుబిడ్డ:
రెండ్రోజులుగా చదువుతున్నా. మీ తాతగారి సంగతికి వద్దాం బాబూ. నాకు డెబ్బై దాటాయి. 1959 మా ఇంట్లో ఎలా ఉండేదో గుర్తుంది.

ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్‌లో తీర్మానం చేశారు. మున్ముందు సేద్యం సహకార ఉమ్మడి సేద్యం కావాలని. పొలాలన్నీ కలిపి దున్నడం, హక్కు రైతు పేరునే ఉంటుంది, పంటలో భూమి మేరకు వాటా, పని చేసినవాడికి పనిని బట్టి వాటా. ముందు మూడేళ్ళు సేవా సహకార సంఘాలు, తర్వాత ఇది. దాంతో పాటు భూపరిమితి. కాగితం మీద చూస్తే అంత భయంకరంగా ఏం లేదు. కానీ మా నాన్న అడిగింది ఒకటే: "గట్టు తీసేశాక నా పొలం ఎక్కడుందో ఎవడు చూపిస్తాడు?" అప్పుడే చైనాలో కమ్యూన్ల (ఊళ్ళ పొలాలన్నీ ఉమ్మడి చేసేసిన వ్యవస్థ) కబుర్లు కూడా పేపర్లో వస్తున్నాయి. గట్టు కోసం అన్నదమ్ములు తల పగలగొట్టుకునే ఊళ్ళో గట్టే లేదంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

రంగా గారు (ఆచార్య ఎన్.జి. రంగా) మా ఊరివారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టినవారు. 1930లలో జమీందార్ల మీద రైతుల్ని నడిపించినవారు. 1951లో కాంగ్రెస్ విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్ళీ కలిశారు. 1957లో తెనాలి నుంచి కాంగ్రెస్ ఎంపీ. నాగపూర్ తీర్మానం తర్వాత ఉండలేకపోయారు. 1959 జూన్‌లో మద్రాసులో రాజాజీ, మినూ మసాని, రంగా గారు కలిసి స్వతంత్ర పార్టీ ప్రకటించారు. అధ్యక్షుడు రంగా గారే. ఆగస్టులో బొంబాయిలో సన్నాహక మహాసభ. రాజాజీకి అప్పటికి ఎనభై ఏళ్ళు! ఆ వయసులో కొత్త పార్టీ పెట్టిన మనిషి ఇంకెవరున్నారు?

కాబట్టి మీ ఎనిమిదెకరాల తాతగారు అందులో ఎందుకున్నారంటే, గట్టు కోసం. అంతకన్నా పెద్ద సిద్ధాంతం వెతక్కండి.

పాతపేపర్లపిచ్చి:
పెద్దాయనా, చేతులెత్తి దండం. ఇది మా అమ్మకు చదివి వినిపించాను. "దొరలు కూడా ఉన్నారు కదా" అంటోంది ఇంకా.

ఎర్రమందారం:
మీ అమ్మగారు కరెక్ట్. 1962లో స్వతంత్రకు లోక్‌సభలో 18 సీట్లు, దాదాపు 8 శాతం ఓట్లు. కొత్త పార్టీకి గొప్పే. కానీ ఎక్కడ గెలిచారో చూడండి. రాజస్థాన్‌లో 36 అసెంబ్లీ సీట్లు, జైపూర్ మహారాణి గాయత్రీ దేవి పోలైన రెండు లక్షల నలభై ఆరు వేల ఓట్లలో లక్షా తొంభై రెండు వేలు తెచ్చుకుంది. బీహార్‌లో 50 సీట్లు, అవి రామ్‌గఢ్ రాజావి. తర్వాత ఆయన తన జేబులో సీట్లు జేబులోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ మొత్తం వచ్చి కలిసింది. బొంబాయి నుంచి కంపెనీల వాళ్ళ చందాలు. జమీందార్ల మీద పోరాడిన రంగా గారు వీళ్ళ పక్కన కుర్చీలో!

మా ఖమ్మం వైపు భూమి లేని పాలేరుకి వాళ్ళ 21 సూత్రాల్లో ఏముంది? ఆస్తి హక్కు అంటే ఆస్తి ఉన్నవాడి హక్కు.

నిడుబ్రోలు రైతుబిడ్డ:
అబ్బాయ్, రాజులు వచ్చింది నిజం. అది మాకు బరువే అయింది. కానీ మన ఆంధ్రలో స్వతంత్ర రాజుల పార్టీ కాదు. సర్దార్ గౌతు లచ్చన్న ఎవరు? గీత కార్మికుల ఇంటి బిడ్డ. జమీందార్లతో పోట్లాడి జైలుకెళ్ళినవాడు. 1967లో రంగా గారిని శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు పంపింది ఆయన బలమే. 1962లో రంగా గారు తెనాలిలో ఎవరి చేతిలో ఓడారో నీకు తెలుసు, మీ కమ్యూనిస్టుల చేతిలోనే. తర్వాత అనంతశయనం అయ్యంగార్ గవర్నరుగా వెళ్తే ఖాళీ అయిన చిత్తూరులో గెలిచి వచ్చారు.

పాలేరుకి ఏముందన్నావు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పుడూ లేదు.

మద్రాసు మామ:
రాజాజీ గురించి ఒక్క మాట. ప్రతిదానికీ ప్రభుత్వ అనుమతి కావాలనే పాలనకు పర్మిట్-లైసెన్స్ రాజ్ అన్న మాట జనం నోట పెట్టింది ఆయనే. 1937లో బళ్ళలో హిందీ తప్పనిసరి చేసిందీ ఆయనే, తర్వాత హిందీ రుద్దొద్దని గట్టిగా నిలబడిందీ ఆయనే. 1967లో డీఎంకేతో పొత్తు పెట్టుకుని కాంగ్రెస్‌ను దించాడు, స్వతంత్రకు ఇక్కడ 20 సీట్లు వచ్చాయి. ఎవరి వారసులతో? జస్టిస్ పార్టీ వారసులతో! డీఎంకే ఆ ద్రావిడ కళగం నుంచి చీలిందే కదా. పాత లిబరల్ ఫెడరేషన్ మనవడు, కొత్త లిబరల్ పార్టీ తాత ఒకే వేదిక మీద. ఇది ఎవరూ గమనించరెందుకో.

ఇంకోటి. ఆయన రాసిన 'స్వరాజ్య' పత్రిక మొదలుపెట్టింది ఖాసా సుబ్బారావు, మన నెల్లూరు మనిషి. దానికి ముందు ఆయన నడిపిన వారపత్రిక పేరేమిటో తెలుసా? 'స్వతంత్ర'.

లాయరుగారబ్బాయి:
1967 గురించి పూర్తి లెక్క: లోక్‌సభలో 44 సీట్లు, 8.67 శాతం ఓట్లు, దేశంలో పెద్ద ప్రతిపక్షం. గుజరాత్‌లో 168కి 66. ఒరిస్సాలో ఆర్.ఎన్. సింగ్‌దేవ్ ముఖ్యమంత్రి అయ్యాడు, పొత్తులో. పార్టీకి అదే శిఖరం.

నాకు ఆసక్తి కోర్టు వైపు. పార్లమెంటులో వాళ్ళు ఆపలేకపోయినవి కోర్టులో ఆపారు. 1969 జులైలో 14 బ్యాంకుల జాతీయకరణ. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఆర్.సి. కూపర్ స్వతంత్ర నాయకుడు. 1970 ఫిబ్రవరి 10న పదకొండుమంది జడ్జిల్లో పదిమంది చట్టాన్ని కొట్టేశారు. మేం లా కాలేజీలో కూపర్ కేసు బట్టీ పట్టాం కానీ ఆయన పార్టీ ఏదో ఎవరూ చెప్పలేదు. గెలుపు ఎన్నాళ్ళు నిలిచిందంటారా? నాలుగు రోజులు. 14న కొత్త ఆర్డినెన్స్ వచ్చింది.

నన్నడిగితే పార్టీ అక్కడే చచ్చిపోయింది. కేసు గెలిచారు, కథ ఓడిపోయారు. బ్యాంకులు, రాజభరణాలు (మాజీ రాజులకు ప్రభుత్వమిచ్చే భత్యాలు), రెండింట్లోనూ వాళ్ళు నిలబడింది చట్టం పక్కన. జనానికి కనపడింది మాత్రం సేఠ్ పక్కన, రాజా పక్కన. ఇందిర గరీబీ హటావో అంది. వీళ్ళు సంస్థా కాంగ్రెస్ (1969 చీలికలో ఇందిరకు ఎదురు నిలిచిన వర్గం), జనసంఘ్, సోషలిస్టులతో కలిసి ఇందిరా హటావో అన్నారు. లిబరల్ పార్టీ ఆ కూటమిలో ఏం చేస్తోంది? 1971లో 8 సీట్లు, 3 శాతం. మసాని పార్టీ అధ్యక్ష పదవి వదిలేశాడు. 1972 డిసెంబర్‌లో రాజాజీ పోయారు. 1974లో పీలూ మోడీ హయాంలో చరణ్‌సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిపేశారు.

విజయనగరం వాసు:
పీలూ మోడీ అంటే గుర్తొచ్చింది. ప్రతిపక్షమంతా సీఐఏ ఏజెంట్లని కాంగ్రెస్ వాళ్ళు అంటుంటే, "నేను సీఐఏ ఏజెంటుని" అని బోర్డు మెడలో వేసుకుని పార్లమెంటుకు వచ్చిన మనిషి. ఇప్పుడెవరైనా చేస్తే మర్నాడే కేసు.

తెనాలి కుర్రోడు:
ఇక్కడ ఆంధ్రలో ఏమయ్యారు మరి ఆ 29 మంది?

నిడుబ్రోలు రైతుబిడ్డ:
1972లో అసెంబ్లీలో రెండంటే రెండు సీట్లు. కొందరు కాంగ్రెస్‌కు పోయారు, కొందరు ఇళ్ళకు. రంగా గారూ కాంగ్రెస్‌కే తిరిగొచ్చారు. 1980 నుంచి గుంటూరు ఎంపీ, అదే ఇందిరమ్మ పార్టీ తరఫున. మేమేమీ అనలేకపోయాం. ఉమ్మడి సేద్యం ఎలాగూ రాలేదు కదా, గట్లు అలాగే ఉన్నాయి.

న్యూజెర్సీ నాగమణి:
అంటే వాళ్ళు ఓడిపోయి కూడా గెలిచారా? 1991లో లైసెన్సులు తీసేశారు కదా.

ఎర్రమందారం:
తీసింది ఎవరో చూడండి. పి.వి.! 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితి కోసం పట్టుబట్టిన మనిషే 1991లో ప్రధానిగా లైసెన్సులు ఎత్తేశాడు. స్వతంత్ర వాళ్ళు తిట్టుకున్న పనీ ఆయనే చేశాడు, కలగన్న పనీ ఆయనే చేశాడు. పార్టీ అవసరం లేకుండానే.

లాయరుగారబ్బాయి:
మళ్ళీ ఆ పార్టీ పెట్టాలన్నా కాగితం మీద చిక్కుంది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 29ఎ సెక్షన్ తెచ్చారు. పార్టీ నమోదు కావాలంటే సోషలిజానికి విధేయత రాసివ్వాలి. స్వతంత్రలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన ఎస్.వి. రాజు దీని మీద 1996లో బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. మేం సోషలిస్టులం కాము, అబద్ధపు ప్రమాణం ఎలా చేస్తాం అని. మిగతా పార్టీలన్నీ చదవకుండానే సంతకం పెడతాయి. ఈయన ఒక్కడూ చదివాడు పాపం. ఆ మాట చట్టంలో ఇప్పటికీ అలాగే ఉంది.

మహారాష్ట్రలో శరద్ జోషీ 1994లో స్వతంత్ర భారత్ పక్ష్ పెట్టాడు. షేత్కరీ సంఘటన రైతుల బలం ఉన్నా ఎన్నికల్లో పెద్దగా సాగలేదు.

తెనాలి కుర్రోడు:
మన లోక్‌సత్తాని ఇందులో కలపొచ్చా? 2009లో నా మొదటి ఓటు వాళ్ళకే.

విజయనగరం వాసు:
కలపాలనే ఉంది నాకు. స్థానిక ప్రభుత్వాలకు అధికారం, చట్టబద్ధ పాలన, ఇవి లిబరల్ మాటలే. 2006లో పార్టీ, 2009లో కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ గారి ఒక్క సీటు, 2016కల్లా ఎన్నికలకే దూరం. చింతామణి కాలం నుంచి అదే జబ్బు. చదువుకున్నవాళ్ళు చప్పట్లు కొడతారు, పోలింగ్ రోజు బూత్‌లో ఏజెంటుగా కూర్చోమంటే ఎవడూ దొరకడు.

తెనాలి కుర్రోడు:
నేను కూర్చున్నానండీ. మధ్యాహ్నం భోజనం పక్క పార్టీ ఏజెంటు పెట్టాడు 😀

పాతపేపర్లపిచ్చి:
ఇవాళ కరపత్రం వెనక్కి తిప్పి చూశాను, ఇన్నాళ్ళూ చూడనేలేదు. పెన్సిల్‌తో తాతయ్య రాసుకున్న లెక్క ఉంది. పది బస్తాల సిమెంటు పర్మిట్‌కి ఎన్నిసార్లు తాలూకా ఆఫీసుకి వెళ్ళాడో తేదీలు వేసుకున్నాడు. ఏడు తేదీలున్నాయి. ఏడోదాని పక్కన "ఇచ్చినారు, 6" అని ఉంది. పది అడిగితే ఆరిచ్చారన్నమాట. మా పాత ఇంటి వంటగదిలో సగం నేల సిమెంటు, సగం మట్టి ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

ఎర్రమందారం:
అన్నా, ఆ కాగితం రెండు వైపులా ఫొటో తీసి ఇక్కడ పెట్టు. మీ తాతతో రాజకీయంగా ఒప్పుకోను కానీ, ఆ నాలుగు బస్తాలు ఎవరింటికి పోయాయో మాత్రం నాకూ తెలుసుకోవాలనుంది.